సీసా మీద పేరు

నా భర్త కృష్ణమోహన్ మంచివాడని ట్రాయ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ అంటారు. నేనూ అనేదాన్నే. పంతొమ్మిది వందల ఎనభై మూడు అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం ఐదున్నర దాకా అన్నాను.

డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఆయన కారు విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. డెబ్భై తొమ్మిదిలో డెట్రాయిట్ చుట్టుపక్కల వరసపెట్టి ఉద్యోగాలు ఊడుతుంటే, తన వంతు రాకముందే జాగ్రత్తపడి మిషిగన్ పైకొసన ట్రావర్స్ సిటీలో ఒక చిన్న ఫ్యాక్టరీకి మారారు. ట్రాయ్‌లో వారానికో విందు, నెలకో సత్యనారాయణ వ్రతం. ఇక్కడ తెలుగు ముఖం చూడాలంటే అద్దం ముందు నిలబడాలి. ఎటు చూసినా సరస్సు, చెర్రీ తోటలు, ఐదు నెలల మంచు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. పేపర్లో ప్రకటన చూసి బోస్మా వైనరీలో ల్యాబ్ పనికి వెళ్ళాను.

బోస్మా అరవై ఏళ్ళ చెర్రీ రైతు. తోటలో సగం చెట్లు పీకించి రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష వేశాడు. ఆ చలికి ఆ తీగలు బతకవని ఊరంతా నవ్విందట. తీగలు బతికాయి, ముసలాయనకి మాత్రం ఆ ద్రాక్షతో ఏం చెయ్యాలో ఇంకా పూర్తిగా తెలీదు. నా పని రసంలో పులుపు కొలవడం, చక్కెర కొలవడం, కాగితం మీద రాయడం. ల్యాబే కదా, ఆస్పిరిన్ అయితేనేం వైన్ అయితేనేం అని కృష్ణమోహన్ ఒప్పుకున్నారు. ట్రాయ్ వాళ్ళకి ఫోన్‌లో మాత్రం జయంతి ఫుడ్ ల్యాబ్‌లో చేస్తోందని చెప్పారు. నేను పక్కనే ఉండి విన్నాను. అదీ ఫుడ్డే కదా అని నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నేను వైన్ తాగను. వైన్ రుచి చూసేవాళ్ళలా పుక్కిలించి ఉమ్మేయడానికి కూడా నోట్లో పోసుకోలేదు. వాసన చూసి చెబుతాను. ఈ విద్య నాకు యూనివర్సిటీ నేర్పలేదు, మా అమ్మ బాలమణి నేర్పింది. నా ఆరో ఏట నాన్న పోతే, అమ్మ తెనాలిలో వాళ్ళ ఇంట్లో తద్దినానికీ వీళ్ళ ఇంట్లో నైవేద్యానికీ వంటకి వెళ్ళి నన్ను చదివించింది. ఆ వంట దేవుడికో పితృదేవతలకో పెట్టకముందు రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. నలభైమందికి కాచిన పులుసులో ఉప్పు చాలిందో లేదో ఆవిరి వాసనతోనే తేల్చుకోవాలి. నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి ఏం తక్కువైందో చెప్పమనేది. తప్పు చెబితే మొట్టికాయ. పన్నెండేళ్ళు వచ్చేసరికి నేను మొట్టికాయలు తినడం మానేశాను.

ఎనభై రెండు అక్టోబరులో కోసిన పంట ఐదు ట్యాంకుల్లో పడింది. అన్నీ కలిపేసి, ఊళ్ళో అందరిలాగే బాగా తియ్యగా చేసి అమ్మేద్దామని బోస్మా ఉద్దేశం. నేను ఐదు గ్లాసులూ వరసగా పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. మూడోదానిలో పచ్చి మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన వాసన. ఐదోదానిలో నలిపిన నిమ్మాకు, దాని అడుగున ఎక్కడో తేనె. రెండోది ఉడకబెట్టిన క్యాబేజీ. మిగతా రెండూ వట్టి నీళ్ళు. మూడూ ఐదూ మాత్రం కలపమనీ, తీపి పూర్తిగా పోకుండా కొంచెం మిగలనిచ్చి పులియడం ఆపేయమనీ చెప్పాను. డిసెంబరులో షెడ్డు తలుపులు బార్లా తెరిచి మంచుగాలిని లోపలికి వదిలాం. రెండు రోజుల్లో ట్యాంకులు చల్లబడి పులియడం ఆగింది.

అంత కొంచెం తీపి దేనికని ముసలాయన సణుగుడు. అయితే మొత్తం తియ్యగా ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు అంటాడు. నోటితో చెప్పి లాభం లేదని మర్నాడు పొద్దున్నే మిరపకాయ బజ్జీలు వేసి డబ్బాలో పట్టుకెళ్ళాను. ఒకటి కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. కాసేపు గోడకేసి చూసి, రెండో బజ్జీ తీసుకున్నాడు. మొత్తం ఆరు తిన్నాడు. కారాన్ని ఆ తీపి అణిచింది, నూనె జిడ్డుని ఆ పులుపు కడిగేసింది.

అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం ఒక వంటకం తీసుకెళ్ళడం, ఏది దేనికి కుదిరిందో నోటుబుక్కులో రాయడం అలవాటైంది. పులిహోర బ్రహ్మాండంగా కుదిరింది. గారె, అల్లప్పచ్చడి కూడా. కొబ్బరన్నం పరవాలేదు. గోంగూర దగ్గర దెబ్బతిన్నాం, పులుపు మీద పులుపు పడి రెండూ చెడ్డాయి. ఆవకాయ ముందు ఏ వైనూ నిలబడదని ఆయనే చేతులెత్తేశాడు. వాళ్ళ సరస్సులో దొరికే తెల్లచేపని నిమ్మరసంతో కాల్చుకుని తిని, అన్నిటికంటే ఇదే గొప్ప జోడీ అన్నాడు. అది నేను తినేది కాదు కాబట్టి వాదించలేదు.

మార్చిలో ఒకరోజు బోస్మా ల్యాబ్‌లోకి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఈ వైన్ నాది కాదు, నీది, లేబుల్ మీద నీ పేరు వేస్తాను అన్నాడు. ఎంపిక చేసినది జయంతి అని ఒక వరస.

మీకు ఇది చిన్న సంగతిగా అనిపించవచ్చు. అమ్మ పాతికేళ్ళు ఊళ్ళో సగం ఇళ్ళలో వండింది. ఆమెని ఏ ఇంట్లోనూ పేరుపెట్టి పిలవలేదు. వంటావిడ వచ్చిందా అనేవాళ్ళు. నన్ను వంటావిడ కూతురు అనేవాళ్ళు. ఆ ముక్కు అమ్మది, ఆ విద్య అమ్మది. అది మా ఇద్దరిలో ఒకరి పేరుతో ఒకచోట అచ్చులో కనబడితే చాలని నాకు ఎంత ఆశ కలిగిందంటే, ఆ వేళ కారు నడుపుతూ గట్టిగా ఏడ్చాను.

కృష్ణమోహన్‌కి చెప్పాను. వెరీ గుడ్ అన్నారు. ఐస్‌క్రీమ్ తెచ్చారు కూడా. ఆ రోజే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నా మనసులో ఉన్న భయం కూడా ఆయనకి చెప్పేశాను. షెడ్డులో ఆ పులిసిన వాసన మొదటిసారి పీల్చినప్పుడు, అమ్మ చూస్తే సిగ్గుతో చచ్చిపోతుందేమో అనుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోబోయానని. ఇంకెవరికీ చెప్పని మాట అది.

అమ్మకి భయపడుతూనే ఉత్తరం రాశాను. నెలకి, అమ్మ ఎవరిచేతో రాయించిన జవాబొచ్చింది. ఏప్రిల్ మొదటివారం, కృష్ణమోహనే పైకి చదివారు. "వాళ్ళ దేశంలో అది భోజనంలో భాగం కాబోలు. నువ్వు తాగడం లేదన్నావు, వాసన చూస్తే దోషం ఏముంది? నేను వండిన వంట తిన్నవాళ్ళు వండింది ఎవరని అడగలేదు. నీ పేరు రాస్తానన్నాడు, ఆ ముసలాయన చల్లగా ఉండాలి. నేను వచ్చినప్పుడు ఆ సీసా నాకు చూపించు." ఆయన చదవడం పూర్తిచేసి, ఉత్తరం మడిచి, అత్తయ్యగారు గొప్ప మనిషి అన్నారు.

ఆ తరవాతి వారం ట్యాక్స్ కాగితాల గడువు. మా ఇంట్లో కాగితాలన్నీ ఆయనే చూస్తారు. గ్రీన్‌కార్డు, ఇన్సూరెన్సు, బ్యాంకు, ఏదైనా సరే, ఆయన టైప్ చేసి నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెడతారు. నేను పెడతాను. మాకు తెలిసిన ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ అంతే. చదివి పెట్టడమంటే మొగుణ్ణి అనుమానించినట్టు ఉంటుంది. సీసాల మీది అంకెలు మూడో దశాంశం దాకా చూసే నేను, ఆ సాయంత్రం పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి, ఏడెనిమిది చోట్ల టకటకా సంతకాలు పెట్టి వెళ్ళిపోయాను.

వైన్ మేలో సీసాల్లోకి ఎక్కింది. లేబుళ్ళు అమ్మకానికి ముందు అంటిస్తారు. జులైలో అమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉంటానని. నేను మూడు నెలలు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. అక్టోబరులో కొత్త వైన్ విడుదల చేస్తూ విందు ఇస్తాననీ, ఆ విందులో నీ నోటుబుక్కులోని వంటలే పెట్టాలనీ బోస్మా ఫోన్ చేశాడు. వంట నేను చేస్తానని అమ్మ ముందుకొచ్చింది. కృష్ణమోహన్ ట్రాయ్ నుంచి వెంకట రమణగారినీ, ఆయన భార్య మీనాక్షిగారినీ పిలుస్తామన్నారు. ఆ వెంకట రమణగారు డెట్రాయిట్ దగ్గర కట్టబోయే గుడి కమిటీకి పెద్ద. ఆకులు రంగులు మారిన రోజులు, చూడ్డానికి వస్తారు, మన వంట తిని గ్రేప్ జ్యూస్ తాగి వెళ్తారు అన్నారు. నాకు సంతోషమే అయింది. నా పేరు చూసేవాళ్ళలో ఇద్దరు తెలుగువాళ్ళు ఉంటారని.

శనివారం మధ్యాహ్నం నుంచీ అమ్మా నేనూ వైనరీ వెనక వంటింట్లో ఉన్నాం. పులిహోర కలిపాం, గారెలూ బజ్జీలూ వేశాం. ఐదున్నరకి బోస్మా భార్య చల్లబరిచిన సీసాలు రెండు తెచ్చి మా బల్ల మీద పెట్టి, మీకోసం అని నవ్వి వెళ్ళింది. నేను చేతులు తుడుచుకుని, సీసా మీది తడి తుడిచి చదివాను. సరస్సు బొమ్మ. రీస్లింగ్. సంవత్సరం. తయారుచేసి సీసాకెత్తినవారు బోస్మా కుటుంబం. వెనక్కి తిప్పాను. వెనక ఏమీ లేదు. రెండో సీసా చూశాను. రెండూ ఒకటే. అచ్చువాడు తప్పు చేసి ఉంటాడు అనుకున్నాను.

అమ్మ బాణలి దించి వచ్చింది. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు రావు. సీసా రెండు చేతుల్తో పట్టుకుని, "ఏదే, ఇందులో నీ పేరెక్కడుందో చూపించు" అంది.

సరిగ్గా అప్పుడే కృష్ణమోహన్ బజ్జీల పళ్ళెం కోసం లోపలికి వచ్చారు. నేను నోరు తెరిచేలోపలే ఆయన అమ్మ పక్కకి వచ్చి, "ఇదిగో అత్తయ్యగారూ, ఇదే" అని బోస్మా కుటుంబం అన్న మాటల మీద వేలు పెట్టారు. అమ్మ ఆ వరసని కళ్ళకద్దుకుంది.

ఆయన వెతకలేదు. అది నేను గమనించాను. నా పేరు లేదని చూసి ఆశ్చర్యపోయినవాడు ముందు వెతుకుతాడు, నాకేసి చూస్తాడు. ఈయన వేలు ఒక్క క్షణం కూడా తడబడలేదు. లేదని ఆయనకి ముందే తెలుసు.

బోస్మా హాల్లో కుర్చీలు సర్దిస్తున్నాడు. నా పేరు ఏమైందని అడిగాను. ముసలాయన ముఖం ఎర్రబడింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తవద్దని నువ్వే రాశావు కదా, అందుకే ఇన్నాళ్ళూ ఒక్క మాటా అనలేదు అన్నాడు. ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి, సొరుగు లాగి, ఒక కాగితం నా చేతిలో పెట్టాడు.

చక్కటి టైపు. ఏప్రిల్ పద్నాలుగో తారీఖు. నాకు చేసిన గౌరవానికి కృతజ్ఞతలు, కానీ మా మతంలో, మా కుటుంబంలో మద్యం మీద స్త్రీ పేరు ఉండటం తలవంపులు, మీ ముందు కాదనలేక మొహమాటపడ్డాను, దయచేసి నా పేరు తీసెయ్యండి, ఈ విషయం నా దగ్గర మళ్ళీ ప్రస్తావిస్తే నాకు బాధగా ఉంటుంది. చివర ఇంకో వాక్యం. ఇది మా అమ్మ చూస్తే సిగ్గుతో చచ్చిపోతుంది.

కింద సంతకం నాదే. నా చేత్తో నేను పెట్టిందే. పెన్సిల్ గుర్తు చెరిపిన మచ్చ కూడా ఇంకా ఉంది.

ఆ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పేరు తీయించినందుకు కోపం తరవాత వచ్చింది. ముందు వచ్చింది అసహ్యం. నేను ఆయన భుజం మీద తల పెట్టి చెప్పుకున్న భయాన్ని, అమ్మ ఉత్తరం తన నోటితో చదివి రెండు వారాలు తిరక్కుండా, అమ్మ పేరుతోనే టైప్ చేసి నాచేత సంతకం పెట్టించారు.

బోస్మాకి ఏమీ చెప్పకుండా కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి కృష్ణమోహన్ గారెలు పళ్ళెంలో పేరుస్తున్నారు. కాగితం ముందు పెట్టాను. చూసి, తలుపు దగ్గరికి వేశారు.

"ఇప్పుడు సీన్ చెయ్యకు జయంతీ. బయట వెంకట రమణగారున్నారు" అన్నారు.

"ఎందుకు చేశారు?"

"టెంపుల్ కమిటీకి నన్ను సెక్రెటరీగా ప్రపోజ్ చేశారు. రేపు ఎవడో ఒకడు ఆ బాటిల్ తెచ్చి కమిటీ మీటింగ్‌లో పెడితే నా పేరేం కావాలి? నీకు చెబితే అప్‌సెట్ అవుతావని చెప్పలేదు. నీ మంచికే చేశాను."

"నా మంచికా?"

"ఇంత చిన్న విషయానికి... లేబుల్ ఎవరు చదువుతారు చెప్పు?" అని పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఆయన పేరు నిలబడాలంటే నా పేరు పోవాలి, అంతే సంగతి. అది ముఖం మీద చెప్పి ఉంటే దెబ్బలాడేదాన్ని, బహుశా ఓడిపోయేదాన్ని కూడా. కానీ నన్ను అడగనే లేదు. నా చేతినే వాడుకున్నారు.

అమ్మ పొయ్యి దగ్గర నిలబడి అంతా విన్నది. కాగితం తీసుకుంది. అక్షరాలు రాకపోయినా నా సంతకం గుర్తుపట్టింది.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

"నేనే పెట్టానమ్మా."

"చదవకుండానా?"

తలూపాను.

"మీ నాన్న పోయిన పదో రోజున మీ బాబాయి కాగితాలు తెచ్చాడు. వదినా, ఇక్కడ సంతకం పెట్టు అన్నాడు. కరణంగారి చేత ఒకసారి, బడి మేష్టారి చేత ఒకసారి చదివించుకున్నాను. ఏమీ చదువులేని దాన్ని" అంది అమ్మ. ఆమె నన్ను తిట్టడం లేదు. నిజంగానే అర్థం కాక అంటోంది. ఇంత చదివించింది ఎందుకని ఆ ముఖంలో కనబడింది. ఆయన చేసినదానికంటే అది నన్ను ఎక్కువ కోసింది.

బయట గ్లాసు మీద చెంచాతో కొట్టిన చప్పుడు వినబడింది. తరవాత బోస్మా గొంతు. నలభైమంది ముందు నిలబడి, ఇంత చక్కటి భోజనం వండిపెట్టిన జయంతికి కృతజ్ఞతలు చెబుదాం, రా అమ్మా అని పిలుస్తున్నాడు. నేను రాశాననుకున్న ఉత్తరాన్ని గౌరవించి, పాపం, వంట మాటే చెప్పాడు. వైన్ మాట ఎత్తలేదు.

నేను అమ్మ చెయ్యి పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. మొదటి వరసలో కృష్ణమోహన్, ఆయన పక్కన వెంకట రమణగారు, మీనాక్షిగారు. అందరి ముందూ పులిహోర, బజ్జీలు, ఆ సీసాలు. వాటికేసి చూశాక నాకు భయం పోయింది.

ఇంగ్లీషులోనే చెప్పాను. వంట చేసింది మా అమ్మ, ఆమె పేరు బాలమణి అన్నాను. మీరు తాగుతున్న వైన్‌ని ఎంపిక చేసింది నేను, ఐదు ట్యాంకుల్లో రెండు ఏరి, ఎంత తీపి ఉంచాలో చెప్పింది నేను అన్నాను. సీసా మీద నా పేరు ఉండాల్సింది, వద్దని మిస్టర్ బోస్మాకి ఒక ఉత్తరం వెళ్ళింది, దాని మీద సంతకం నాదే కానీ అందులో ఒక్క మాట కూడా నాది కాదు అన్నాను.

వెంకట రమణగారు తన గ్రేప్ జ్యూస్ గ్లాసు కొంచెం దూరం జరిపారు. బోస్మా నోరు తెరిచి నాకేసే చూస్తున్నాడు. ఆ ఉత్తరం ఎవరు రాశారో చెప్పడానికి నేను ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ముందుగా కొట్టింది కృష్ణమోహన్. లేచి నిలబడి, చేతులు పైకెత్తి, నవ్వుతూ కొట్టారు. ఆయన్ని చూసి అందరూ లేచారు. నలభైమంది చప్పట్లలో నా గొంతు నాకే వినబడలేదు. మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన పేరు చెబుతూనే ఉన్నాను, ఎవరికీ చేరలేదు. చప్పట్లు ఆగకముందే ముసలాయన భార్య వచ్చి నన్ను వాటేసుకుంది.

మీనాక్షిగారు కూడా వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"నీ అదృష్టం అమ్మా. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?" అన్నారు.